తుక్కు కాకుండా మిగిలిన బొగ్గు రోలరు

కాటేదాన్‌లో ఒక యార్డు ఖాళీ చేస్తున్నారని తెలిసి వెళ్లేసరికి, అక్కడున్న పాత రోడ్డు రోలరు, బొగ్గు మండించి ఆవిరితో నడిపేది, దాని పొగగొట్టాన్ని అప్పటికే గ్యాస్ కట్టర్‌తో కోసేశారు. మిగతా రోలరు సర్కారు తుమ్మల మధ్య అలాగే ఉంది. ఇంగ్లండ్‌లో నీళ్లు నిండిన గనిలో ఏళ్ల తరబడి మునిగిపోయిన 1909 నాటి రస్టన్ ప్రాక్టర్ కంపెనీ ఆవిరి తవ్వకం యంత్రాన్నే 1977లో పైకి తీశారు. ఇది కళ్లెదుటే ఉంది. ఇద్దరు మిత్రులం కలిసి తుక్కు ధర కట్టి కొన్నాం. ట్రైలర్ ఎక్కించిన రోజంతా ఒకటే టెన్షన్.

ఇత్తడి నేమ్‌ప్లేట్ ఎప్పుడో పోయింది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన పెద్దాయన్ని బతిమాలి తీసుకొచ్చాను. "గ్రైండర్ పెట్టకు బిడ్డా, దాని పేరు దాని ఒంటి మీదనే ఉంటది" అన్నాడు. రాణీగంజ్‌లో కొన్న ఇత్తడి బ్రష్‌తో, కిరోసిన్ పోస్తూ మూడు ఆదివారాలు రుద్దాం. మట్టి కింద పోత అక్షరాలు తేలాయి: లీడ్స్‌లోని జాన్ ఫౌలర్ కంపెనీ. క్రాంక్ షాఫ్ట్ చివర నంబరు కూడా దొరికింది. ఈ కంపెనీ ఇంజన్లే చెరువుకు అటొకటి ఇటొకటి నిలబడి, ఇనుప తాడుతో తొట్టి లాగి పూడిక తీసేవి. చెరువుల ఊళ్లో పుట్టినవాణ్ణి, ఆ సంగతి చదివాక దీని మీద మమకారం ఇంకా పెరిగింది. కంపెనీ పాత రికార్డులు రీడింగ్ యూనివర్సిటీ మ్యూజియంలో ఉన్నాయి. నంబరు రాసి పంపాను, జవాబు కోసం చూస్తున్నాను.

బాయిలర్ చుట్టూ ఉన్న తెల్లటి పూత ఆస్బెస్టాస్ కావచ్చని మేం ముట్టలేదు. తెలిసినవాళ్లతో తడిపి తీయించాం. అల్ట్రాసోనిక్ మీటర్‌తో రేకు మందం కొలిపిస్తే, అడుగున నీళ్లు నిలిచిన చోట సగమే మిగిలింది. నాకు దీన్ని ఒక్కసారైనా నడిపించాలని ఉండేది. పెద్దాయన టార్చితో, బొగ్గు మండే ఫైర్‌బాక్స్ పైకప్పులోని ప్లగ్ చూపించాడు. బాయిలర్‌లో నీళ్లు తగ్గితే అందులోని సీసం 327 డిగ్రీల దగ్గర కరిగి, ఆవిరి నిప్పు మీదికి చిమ్మి డ్రైవరును హెచ్చరిస్తుంది. "రేకే చిట్లితే ఈ ప్లగ్గు ఏం కాపాడుతది?" అన్నాడు. కొత్త బాయిలర్ వేయించవచ్చు, కానీ చేత్తో కొట్టిన ఆ రివెట్లన్నీ పోతాయి. నిప్పు పెట్టకూడదనే నిర్ణయించుకున్నాం.

ఇప్పుడు రేకుల షెడ్డు కింద ఉంది. లోపల తేమ నిలవకుండా బాయిలర్ మూతలు తీసి ఉంచాం. సిలిండర్‌లో వారాలపాటు నూనె నాననిచ్చాక, మొన్న ఫ్లైవీల్ పావు చుట్టు తిరిగింది. కోసిన పొగగొట్టాన్ని తుక్కు కాటా దగ్గర వెతికి తెచ్చుకున్నాం. అతికించలేదు. కోసిన అంచు కనిపించేలా ఇంజను పక్కనే నిలబెట్టాం.