29.1 డిగ్రీలు: రెడ్‌టెయిల్ ట్యాంకు వేసవి లెక్కలు

మే 19, రాత్రి 11.40. చేపల ట్యాంకు వేడి చూసే కంట్రోలర్ మీద 29.1 కనిపిస్తోంది. ఏప్రిల్ 27 తర్వాత ఈ ట్యాంకులో ఇంత తక్కువ అంకె చూడటం ఇదే మొదటిసారి. నమ్మకం కుదరక గాజు థర్మామీటరు కూడా ముంచి చూశాను. అదీ 29 దగ్గరే ఆగింది. పది నిమిషాల క్రితం ఆర్‌టీసీ (బస్సు కాదు, మా రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్) రెండు రొయ్యలు తింది. ఉమ్మేయలేదు, మింగింది! మూడు వారాల తర్వాత ఇవాళ కడుపు నిండా అన్నం తిన్నట్టుంది నాకు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ట్యాంకు. సంప్‌తో (ట్యాంకుకి కలిపిన ఫిల్టర్ తొట్టి) కలిపి 1,400 లీటర్ల నీళ్ళు. 52 సెంటీమీటర్ల రెడ్‌టెయిల్ ఒకటి, 46 సెంటీమీటర్ల టైగర్ షవల్‌నోస్ క్యాట్‌ఫిష్ ఒకటి. ఊరు విజయనగరం. చలికాలం సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను: సంప్‌లో రెండు 300 వాట్ల టైటానియం హీటర్లు, జనవరి అంతా 25.5, ఏ గొడవా లేదు.

గొడవంతా ఎండాకాలంతోనే. ఏప్రిల్ ఆఖరు నుంచి నీళ్ళు మధ్యాహ్నం 32.4, తెల్లవారుజామున కూడా 31.2. ఫ్యాన్లు పెట్టినా అంతే. ఆ 31.2 దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోయేది. చాలా రోజులు దాని కిందకి దిగనే లేదు. ఎందుకు దిగలేదన్నదే ఇవాళ్టి కథ.

ముందు ఎన్ని డిగ్రీలు కావాలన్న మాట. రెడ్‌టెయిల్‌కి పట్టికల్లో సాధారణంగా 20 నుంచి 26 అని ఉంటుంది, షవల్‌నోస్‌కి 24 నుంచి 28. రెండూ ఒకే ట్యాంకులో ఉంటే 25, 26 మధ్య పెట్టుకోవడం మంచిది. మన దగ్గర మేలో అది చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేకుండా జరిగే పని కాదు కాబట్టి నేను పైగీత 28 అని గీసుకున్నాను. షాపుల్లో మాత్రం ‘ట్రాపికల్ చేప కదండీ, మన ఎండకి అలవాటు పడిపోతుంది’ అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. అమెజాన్, ఒరినోకో లాంటి నదుల్లో లోతుంది, పారుదల ఉంది. గాజుపెట్టెలో 33 డిగ్రీల దగ్గర నిలబడిపోయిన నీటికీ దానికీ పోలికే లేదు.

పైగా వేడి ఒక్కటే వచ్చి పోదు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 30 దగ్గర 7.5, 33 దగ్గర 7.2. తేడా చిన్నదేగా అనిపిస్తుంది. కానీ నీటి వేడి పది డిగ్రీలు పెరిగితే చేప ఒంటికి కావలసిన ఆక్సిజన్ దాదాపు రెట్టింపవుతుంది. అటు సరఫరా తగ్గుతుంది, ఇటు ఆకలి పెరుగుతుంది. అమ్మోనియా సంగతీ అంతే. పీహెచ్ 8 ఉన్న నీటిలో, 25 డిగ్రీల దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపు భాగం ఐదు శాతం చిల్లర, 32 దగ్గర ఎనిమిది దాటుతుంది. మా బోరు నీళ్ళ పీహెచ్ సరిగ్గా 8. అందుకే ఈ మూడు వారాలూ మేత మూడో వంతుకి తగ్గించేశాను. తగ్గించినదాన్ని కూడా ఆర్‌టీసీ నోట్లోకి తీసుకుని బయటికి వదిలేసేది.

షవల్‌నోస్ మొప్పలు ఎన్నిసార్లు తెరుచుకుంటున్నాయో మా అమ్మాయి లెక్కపెట్టింది. అర నిమిషం చూసి రెండుతో గుణించడం. ఫిబ్రవరిలో 27 డిగ్రీల దగ్గర నిమిషానికి 58. మే 6 మధ్యాహ్నం, 32.4 దగ్గర, 96. చేప అడుగున పడుకునే ఉంది, ఈదడం లేదు, అయినా 96. మొప్ప మూత పూర్తిగా మూసుకోకముందే మళ్ళీ తెరుచుకుంటోంది. మీసాలు ఇసుక మీద వాలిపోయి ఉన్నాయి. ‘నాన్నా, దీనికి ఆయాసమా?’ అని అడిగింది. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

మొదట ఐసు సీసాలు. లీటరు సీసాలు పది, గడ్డకట్టించి సంప్‌లో వేశాను. లెక్క ప్రకారం 0.8 డిగ్రీ తగ్గాలి, 0.6 తగ్గింది. నాలుగు గంటల్లో మళ్ళీ మామూలే. పైగా ఫ్రిజ్ ఆ సీసాలు గడ్డకట్టించడానికి రోజంతా మొత్తుకుంది. కరెంటు పోయిన ఘడియలో చేతికి అందే వస్తువుగా నాలుగు సీసాలు ఉంచుకోండి. అంతకుమించి ఐసు మీద ఆశ పెట్టుకోవద్దు.

తర్వాత ఫ్యాన్లు. మూతలు తీసేసి, నీటి మీదుగా వాలుగా గాలి వీచేలా గోడ ఫ్యాన్లు రెండు బిగించాను. (పైన చుట్టూ వల కట్టడం మరిచిపోవద్దు, షవల్‌నోస్ బెదిరితే దూకుతుంది.) మొదటి రాత్రి పది గంటల్లో ఏడు లీటర్ల నీళ్ళు ఆవిరై, 32.4 నుంచి 31.2కి దిగింది. అబ్బ, ఇంక రేపు 30 అనుకున్నాను. రేపూ 31.2, ఎల్లుండీ 31.2. మూడో ఫ్యాన్ పెట్టాను. 31.1.

మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, ‘ఒరే నాన్నా, మనుసులకి లేని గాలి ఆ సేపకెందుకురా, నువ్వెల్లి పడుకో’ అంది. పడుకోలేదు. కాగితం తీసుకుని అనుమానాలన్నీ రాసుకున్నాను.

మొదటి అనుమానం థర్మామీటరు మీద. ఐసు చితక్కొట్టి గ్లాసు నిండా నింపి, కాసిన్ని నీళ్ళు పోసి, పదిహేను నిమిషాలు ఆగి మూడింటినీ ముంచాను. గాజుది 0.2, కంట్రోలర్ ప్రోబ్ 0.3, ఆన్‌లైన్‌లో కొన్న చవక డిజిటల్ ప్రోబ్ 1.4. ఆ చవకదాన్ని పక్కన పడేశాను. ఇక్కడ రాస్తున్న అంకెలన్నీ సరిదిద్దినవే. కాబట్టి 31.2 అబద్ధం కాదు.

రెండో అనుమానం డ్రిప్ మీద. డాబా మీది నల్ల ట్యాంకు నుంచి గంటకు ఆరు లీటర్ల చొప్పున బోరు నీళ్ళు రోజంతా సంప్‌లో పడతాయి. మధ్యాహ్నం రెండున్నరకి ఆ పైపు చివర పట్టుకుంటే 41 డిగ్రీలు! దొంగ దొరికాడనుకున్నాను. నాలుగు రోజులు డ్రిప్ పూర్తిగా కట్టేసి చూశాను. తేడా 0.3 మాత్రమే. తర్వాత కూర్చుని లెక్కేస్తే అంతే రావాలి కూడా. రోజుకు 144 లీటర్లు, సగటున మూడున్నర డిగ్రీలు ఎక్కువ వేడి, పడేది 1,400 లీటర్లలో. ఆ లెక్క ముందే వేసుకుని ఉంటే నాలుగు రోజులు మిగిలేవి.

మూడోది పంపు. ఇది నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. నీటిలో మునిగి ఉండే పంపు తినే కరెంటు దాదాపు అంతా చివరికి ఆ నీటిలోనే వేడిగా మిగులుతుంది. 1,400 లీటర్లు ఒక డిగ్రీ పెరగడానికి 1.6 యూనిట్ల కరెంటు చాలు. నా పంపు లేబుల్ మీద 70 వాట్లు అని ఉంది. ప్లగ్ దగ్గర పెట్టే వాట్‌మీటరు తగిలిస్తే 121. లేబుల్ చూసి ఎవరూ లెక్కలు కట్టొద్దు. యూవీ దీపం 36, నీటిని కదిపే వేవ్‌మేకర్ 25 కలిపితే 182 వాట్లు, రోజుకు 4.4 యూనిట్లు. అంటే ఎటూ చల్లారే దారి లేకపోతే రోజుకు 2.7 డిగ్రీలు పెంచేంత వేడి. చలికాలంలో సుఖంగా ఉన్నది హీటర్ల ఘనతే అనుకున్నాను, పంపు కూడా ఒక చెయ్యి వేసిందన్నమాట. మే 14న జెబావో డీసీ పంపు పెట్టాను. అదే ప్రవాహానికి 48 వాట్లు, చప్పుడు కూడా లేదు. పెద్ద చేపల ట్యాంకుకి ఏసీ పంపు ఇంక కొనను. యూవీని టైమర్ మీద రోజుకు నాలుగు గంటలకి తగ్గించాను. మొత్తం 182 నుంచి సగటున 79 వాట్లకి వచ్చింది.

ఫలితం? 30.7. తగ్గింది, కానీ నేను అనుకున్నంత కాదు. అక్కడ మళ్ళీ గోడ.

అసలు తాళంచెవి నెల్లిమర్ల తమ్ముడి దగ్గర దొరికింది. అతను చెరువులో కోయి (జపాన్ రంగు చేపలు) పెంచుతాడు. ఫోన్లో అంతా విని, ‘అన్నయ్యా, గదిలో తడిగుడ్డ థర్మామీటరు ఎంత చూపిస్తోంది?’ అన్నాడు. గాజు థర్మామీటరు బల్బుకి తడిపిన నూలుగుడ్డ చుట్టి, ఫ్యాన్ గాలికి పెట్టాలి. అది ఎంతకి దిగి ఆగుతుందో, ఆ గాలిలో ఆవిరి పద్ధతిన నీళ్ళు అంతకన్నా చల్లబడవు. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా సరే. ఆ రాత్రి పది గంటలకి చూశాను. ట్యాంకు ఉన్న గదిలో గాలి 33.0, తడిగుడ్డ 30.1. వరండాలో గాలి 30.2, తడిగుడ్డ 27.0.

మూడు డిగ్రీల తేడా, మధ్యలో ఒక్క గోడ! దోమలకి భయపడి సాయంత్రం ఆరు నుంచి ఆ గది కిటికీలు మూసేస్తాం. ట్యాంకు నుంచి లేచిన ఆవిరంతా ఆ గదిలోనే తిరుగుతోంది. ఫ్యాన్లు అదే తడి గాలిని మళ్ళీ మళ్ళీ నీటి మీదకి తోస్తున్నాయి. మూడో ఫ్యాన్ ఏం చేస్తుంది పాపం. అసలే సముద్రం దగ్గర, మన ఉక్కపోత ఎలాంటిదో తెలిసిందే. దానికి తోడు నేనే గదిని ఆవిరిపెట్టెగా మార్చాను. 30.1 మీద పంపు వేడి కాస్త కలిస్తే ఎంత రావాలో అంతే వస్తోంది ఇన్నాళ్ళూ.

మే 17న ఎలక్ట్రీషియన్ మేస్త్రీని పిలిచి పన్నెండంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాను. ట్యాంకుకి ఒక పక్క పై వెంటిలేటర్‌లో ఎగ్జాస్ట్, ఎదురు పక్క కిటికీకి దోమల వల. గాలి వరండా నుంచి వచ్చి, నీటి మీదుగా పోయి, బయటికి పోవాలి. మూడో ఫ్యాన్ తీసేశాను. గదిలో తడిగుడ్డ రాత్రికి 27.3. మొదటి రాత్రి నీళ్ళు 29.8, ఇవాళ 29.1. ఇంత నీరు ఒక్క రాత్రిలో మారదు, దానికి టైమ్ ఇవ్వాలి. అదీ మంచిదే, మెల్లగా దిగితేనే చేపకి మేలు. ఇందాక షవల్‌నోస్ మొప్పలు నేనే లెక్కపెట్టాను, 68.

డ్రిప్‌కి ఇప్పుడు వాషింగ్ మెషిన్ సోలెనాయిడ్ వాల్వు, టైమర్. రాత్రి రెండు నుంచి ఆరు వరకే నీళ్ళు, ఆ టైముకి పైపు చివర 29. బానే ఉంది. ఆవిరి రోజుకు పదహారు లీటర్లు పోతోంది. ఆవిరైనప్పుడు ఉప్పులు ఇక్కడే మిగిలిపోతాయి కాబట్టి టీడీఎస్ చూస్తున్నాను, డ్రిప్ ఉండటం వల్ల 520 దాటలేదు.

కంట్రోలర్ ఇంక్‌బర్డ్, రెండు సాకెట్లది. చల్లబరిచే సాకెట్‌లో ఫ్యాన్లు, ఎగ్జాస్ట్ ఉన్నాయి. వేడి సాకెట్‌లో హీటర్లు. వేసవిలో హీటర్ల ప్లగ్ చేత్తో తీసేయండి, రిలే (కంట్రోలర్ లోపలి స్విచ్) అతుక్కుపోతే అంతా బూడిదే. గాజు హీటరు మాత్రం క్యాట్‌ఫిష్ ట్యాంకులో వద్దే వద్దు. పొలుసుల్లేని చర్మం, వెళ్ళి దాన్నే ఆనుకుని పడుకుంటాయి, కాలిన మచ్చ నెలలపాటు మానదు. సంప్ లేనివాళ్ళు కనీసం గార్డు తొడగండి.

కరెంటు కోతకి ఇన్వర్టర్ మీద ఎయిర్ పంపు ఒక్కటే ఉంది. డీసీ పంపు వచ్చింది కాబట్టి దాన్ని కూడా ఇన్వర్టర్ మీదకి తెస్తాను. తుపాను రోజులు గుర్తొస్తే భయం. 2014 హుద్‌హుద్‌కి ఈ ట్యాంకు లేదు, కానీ అప్పుడు రోజుల తరబడి చీకట్లో ఉన్నది మరిచిపోలేదు. అక్టోబరులోపు బ్యాటరీ మరొకటి కొనాలి.

ఇంకో ఆరు రోజుల్లో రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండల్లో ఈ ఏర్పాటు 30 దాటనివ్వకుండా ఆపుతుందా అన్నదే అసలు పరీక్ష. మధ్యాహ్నం వరండాలో తడిగుడ్డ 28.4 దాకా వెళ్తోంది, కాబట్టి పగలు 29.9 వరకు ఒప్పుకుంటాను. దాటితే సంప్ పైన చిల్లుల బకెట్లు మూడు పేర్చి, నీళ్ళు ధారలుగా కారేలా టవర్ కడతాను. ఆవిరయ్యే వైశాల్యం పెరుగుతుంది, ఆక్సిజన్ కూడా కలిసొస్తుంది. అర హెచ్‌పీ చిల్లర్ ధర కనుక్కున్నాను. ఆ డబ్బుతో పెరట్లో తొట్టి కట్టించడం మేలనిపిస్తోంది. ఎలాగూ ఆర్‌టీసీ మీటరు దాటే చేప, ఏడడుగుల ట్యాంకు దానికి తాత్కాలికమే. పెంచలేనని చంపావతిలో వదిలేసే రకాన్ని కాను, ఎవరూ ఆ పని చేయొద్దు. వదిలేసిన సక్కర్ చేపలు దెయ్యం చేపలై చెరువుల్ని ఏం చేస్తున్నాయో చూస్తున్నాం కదా.

తొట్టి పద్నాలుగడుగులు బై ఎనిమిది, లోతు నాలుగడుగులు. అందులో మూడడుగులు భూమిలోకి. తాటాకు పందిరి, పడమర వైపు గ్రీన్ నెట్. అంత నీరు మట్టిలో ఉంటే పగటి ఎండకి తొందరగా ఊగిపోదని నా ఆశ. నెల్లిమర్ల తమ్ముడి చెరువులో మే మధ్యాహ్నం అడుగు నీళ్ళు ఎంత ఉన్నాయో కొలవడానికి ఎల్లుండి థర్మామీటరు పట్టుకుని వెళ్తున్నాను. అడుగున 28 లోపు వస్తే జూన్‌లో వానలు పడకముందే గొయ్యి తవ్విస్తాను.