గండి పడితే ఎవరు కట్టాలి?

ఇప్పటి ఇరాక్‌లో ఉన్న ప్రాచీన బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనం అనగానే చాలామందికి ‘కంటికి కన్ను’ గుర్తొస్తుంది. నాకు 53వ నిబంధన గుర్తొస్తుంది. ఒక రైతు తన గట్టును బలపరచకుండా బద్ధకించి, అక్కడ గండి పడి చేలు మునిగితే, పోయిన ధాన్యమంతా అతనే ఇచ్చుకోవాలి. ఇచ్చుకోలేకపోతే, 54 ప్రకారం అతన్నీ అతని సామాన్నీ వెండికి అమ్మి, ఆ సొమ్ము మునిగిన రైతులు పంచుకోవాలి. మనిషిని అమ్మడమంటే చదువుతుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ కోపం నాకు అర్థమవుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా అక్కావాళ్ల ఇల్లు మునిగింది. నీళ్లు తీశాక వెళ్తే గోడ మీద స్విచ్‌బోర్డు పైదాకా బురద చార. డ్రమ్ములో బియ్యం ఉబ్బి కుళ్లు వాసన. పిల్లల సర్టిఫికెట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాటిని విడదీస్తూ అక్క అడిగింది ఒక్కటే: గట్టు సంగతి ముందే చూడాల్సింది ఎవరు?

బాబిలోన్ రైతులకు ఈ టెన్షన్ ఏటా ఉండేది. మన కృష్ణకు వరద వానాకాలంలో, పైరు ఇంకా ఎదిగే రోజుల్లో వస్తుంది. టైగ్రిస్, యూఫ్రటీస్‌లకు మాత్రం ఎగువ కొండల్లో మంచు కరిగి, వసంతకాలంలో, సరిగ్గా బార్లీ కోతకొచ్చే వేళకి వస్తుంది. విత్తనాలప్పుడేమో నదిలో నీళ్లు తక్కువ. పైగా ఒండ్రు మేటలు వేసీ వేసీ యూఫ్రటీస్ చుట్టుపక్కల నేల కన్నా ఎత్తున పారేది. గట్టు ఒక్కచోట తెగితే చాలు, ఏడాది కష్టం కళ్లాల దాకా రాకుండానే పోతుంది.

నీళ్ల తగాదాలు హమ్మురాబి (క్రీ.పూ. 1792–1750) కన్నా చాలా పాతవి. బాబిలోన్‌కు దక్షిణాన ఉన్న సుమేరులో ఎగువనున్న ఉమ్మా, దిగువనున్న లగాష్ నగర రాజ్యాలు సరిహద్దు పొలాల కోసం, కాలువ నీళ్ల కోసం తరతరాలు కొట్టుకున్నాయి. క్రీ.పూ. 2450 ప్రాంతంలో లగాష్ రాజు ఎయన్నాతుమ్ గెలిచి శిలాఫలకం నిలబెట్టాడు. దాని ముక్కలు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. శివారు భూములున్న రైతుకి ఈ గొడవ విడమరిచి చెప్పక్కర్లేదు.

మా నాన్న దుగ్గిరాల దగ్గర పంట కాలువ కింద వరి వేసేవారు. వంతు రోజున టార్చిలైటు పట్టుకుని తూము దగ్గరే పడుకునేవారు. ఆయనకి 55వ నిబంధన చదివి వినిపించాను: నీళ్లు పెట్టుకోవడానికి కాలువ తెరిచి, పట్టించుకోకుండా వదిలేసి పక్కవాడి చేను ముంచితే, చుట్టుపక్కల పొలాల దిగుబడి లెక్కన ధాన్యం కొలిచివ్వాలి.

“లెక్క బాగానే ఉందమ్మా. రాత్రిపూట తెరిచింది వాడేనని రుజువేంటి?” అన్నారు.

సాక్షుల్ని పిలిచేవాళ్లు, దేవుడి ముందు ప్రమాణం చేయించేవాళ్లు అని చెప్పాను.

“మా ఊళ్లోనూ అంతే. గుడి మెట్ల దాకా వచ్చాక సగం మంది ఒప్పేసుకునేవాళ్లు.”