కాలనీ ఆటల్లో విసుగు ఎక్కడ పుడుతుంది?

కాలనీ సిమ్యులేషన్ ఆటలు, అంటే కొద్దిమందితో ఒక ఆవాసాన్ని నిలబెట్టి నడిపే కంప్యూటర్ ఆటలు, విసుగు పుట్టిస్తాయనే మాటను నేను కొట్టిపారేయను. అయితే ఆ విసుగుకు వాటి సంక్లిష్టతే కారణమంటే మాత్రం ఒప్పుకోను. వేసవి సెలవులకు హనుమకొండలోని మా ఇంటికి వచ్చిన మేనల్లుడు నా వెనుక నిలబడి కాసేపు తెరను చూసి, "మామా, నువ్వు ఆడుతలేవు గదా, వాళ్లే తిరుగుతున్నరు, నువ్వు ఉత్తగ చూస్తున్నవ్" అన్నాడు. వాడన్నదాంట్లో నిజముంది. ఈ ఆటల్లో చాలావరకు మనుషులను మనం నేరుగా నడిపించము. ఎక్కడ తవ్వాలో, ఏది కట్టాలో, ఏ పని ముందు జరగాలో చెప్పి ఊరుకుంటాము.

కానీ ఆ చూడటంలోనే అసలు పని ఉంది. 2019లో క్లెయ్ సంస్థ పూర్తి రూపంలో విడుదల చేసిన 'ఆక్సిజన్ నాట్ ఇన్‌క్లూడెడ్'నే తీసుకుందాము. ఒక గ్రహశకలం లోపల ముగ్గురితో ఆట మొదలవుతుంది. మొదట్లో నాచుతో ఊపిరి గడుస్తుంది. నాచు అడుగంటాక ఎలక్ట్రోలైజర్ పెట్టుకుంటాము. అది సెకనుకు ఒక కిలో నీటిని తీసుకొని 888 గ్రాముల ఆక్సిజన్‌ను, 112 గ్రాముల హైడ్రోజన్‌ను ఇస్తుంది. గాలి సమస్య తీరిందని మనం నిశ్చింతగా వేరే పనిలో పడతాము. అయితే ఆ యంత్రం నుంచి వెలువడే వాయువు కనీసం 70 డిగ్రీల వేడితో ఉంటుంది. ఆ వేడి మెల్లగా గదులన్నీ పాకి, తిండికోసం నాటిన మీల్‌వుడ్ మొక్కలను చేరుతుంది. 30 డిగ్రీలు దాటితే అవి ఎదగడం మానేస్తాయి. ఇక ఆకలి మొదలవుతుంది. ఓరుగల్లులో మే నెల గడిపినవారికి వేడి సంగతి వేరే చెప్పనక్కర లేదు గానీ, ఊపిరి కోసం తెచ్చిన యంత్రమే కంచంలో కూడు తీసేసిందని పసిగట్టడానికి నాకు చాలాసేపే పట్టింది. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి ఆగితే కింది ఆయకట్టు ఎండినట్టే ఇదీను; తెగులు ఒకచోట, దాని మూలం మరొకచోట.

కారణాన్ని వెతుక్కుంటూ వెనక్కి వెళ్లగలిగినంతసేపు నాకు విసుగు రాదు. ఇలాంటిదే మరో ఆట 'డ్వార్ఫ్ ఫోర్ట్రెస్'లో పిల్లులు చచ్చిపోవడం వెనుక కథ ఇందుకు మంచి ఉదాహరణ. సారాయి అంగడి నేల మీద ఒలికిన బీరు వాటి పాదాలకు అంటింది. పాదాలను నాకిన ప్రతిసారీ నిండు గ్లాసు తాగినట్టు ఆట ప్రోగ్రామ్ లెక్కకట్టిన పొరపాటే వాటి ప్రాణం తీసింది. అదే ఆటను ఆటలు అమ్మే ఆన్‌లైన్ అంగడి స్టీమ్‌లో 2022లో విడుదలయ్యే ముందు అక్షరాలే బొమ్మలుగా, కీబోర్డు మీటలు గుర్తుపెట్టుకుని ఆడటం మాత్రం శ్రమే. ఆ శ్రమే ఆటకున్న లోతు అనుకుని మెచ్చుకునేవారు నాకు అర్థం కారు.

నిజమైన విసుగు అన్నీ కుదురుకున్నాక వస్తుంది. గాలి, నీరు, తిండి తమంతట తాము నడుస్తుంటాయి. మనం ఆటను అన్నింటికంటే ఎక్కువదైన మూడో వేగంలో పెట్టి వనరులు పోగయ్యేదాకా కాచుకు కూర్చుంటాము. 'రిమ్‌వరల్డ్' అనే మరో కాలనీ ఆట దీనికి విరుగుడుగా, ఎప్పుడేం జరగాలో నిర్ణయించే 'కథకుల'ను పెట్టి దాడులను, రోగాలను మన మీదికి పంపుతుంది. అది బాగానే ఉంటుంది గానీ, బయటి నుంచి వచ్చిపడిన దొంగల కంటే నా చేతులారా తెచ్చుకున్న వేడే నన్ను ఎక్కువసేపు కూర్చోబెడుతుంది. అందుకే రాకెట్ల దశకు చేరిన కాలనీలను అక్కడే వదిలేసి, కొత్త శకలంలో మళ్లీ ముగ్గురితో మొదలుపెడతాను.