క్లీన్ చేసి పెట్టమన్నాను, చేశాడు

పొద్దున రిపేరు నుంచి ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాను. మూత తెరవగానే కడిగిన ముత్యంలా ఉంది, అంత ముచ్చటగా ఎందుకుందా అని రెండు నిమిషాలు చూశాక తెలిసింది, లోపల ఏమీ లేదు. నా ఫోల్డర్లు లేవు, ఖర్చుల లెక్కలు లేవు, సగం రాసి వదిలేసినవి లేవు, ఆఖరికి వాల్‌పేపర్‌గా పెట్టుకున్న ఫొటో కూడా లేదు. స్విచ్ వేసిన పావుగంటకి ఫ్యాన్ మాత్రం మళ్ళీ ఎప్పటిలాగే రొద మొదలుపెట్టింది.

జరిగింది ఇంతే. నాలుగు రోజుల కిందట ఇస్తున్నప్పుడు నేనన్న మాట, "వేడెక్కిపోతోందండీ, స్లో అయింది, కాస్త క్లీన్ చేసి పెట్టండి". నా ఉద్దేశం ఫ్యాన్‌లో పట్టిన దుమ్ము. కౌంటర్‌లో కుర్రాడు చీటీ మీద "స్లో, క్లీన్" అని రాసుకుని లోపలికి పంపాడు, లోపల ఉన్నాయన ఆ చీటీ చూసి క్లీన్ ఇన్‌స్టాల్ చేసేశాడు. అంటే డిస్క్ మొత్తం చెరిపేసి విండోస్‌ని మొదటి నుంచి ఎక్కించడం. డేటా పోతే మా పూచీ లేదు అన్న కాగితం మీద నా సంతకం కూడా ఉంది, చదవకుండా పెట్టాను. ఎవర్ని ఏమనాలి?

ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను అనుకుంటున్నాను. మా ఆవిడ పక్క గదిలోంచి, "దుమ్ము దులపమంటే అతను దులపలేదు, మీరు మాత్రం అతన్ని బాగానే దులుపుతున్నారు" అంది. కోపంలో కూడా నవ్వొచ్చింది. అవతలి మనిషి ఒక్కటే అన్నాడు, "సార్, మీరు క్లీన్ అన్నారు, క్లీన్ చేశాం". మా అమ్మాయి (ఎనిమిదో తరగతి, న్యాయం ఎటుందో అటే ఉంటుంది, ఎక్కువగా అది నా వైపు ఉండదు) కూడా, "నిజమే కదా నాన్నా, నువ్వు దుమ్ము అని చెప్పావా?" అంది. చెప్పలేదు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, తెలుగులోనే అడిగి ఉంటే ఇది జరిగేది కాదు. దుమ్మయితే దులపాలి, నేలయితే ఊడ్చి తుడవాలి, బట్టలు ఉతకాలి, గిన్నెలు తోమాలి, మొహం కడుక్కోవాలి, చేటలో పోసింది చెరగాలి, పొట్టు ఎగిరిపోవాలంటే తూర్పారబట్టాలి, దూది ఏకాలి. మురికి ఏమిటి, అది దేనికి పట్టింది, నీళ్ళతో పోతుందా గాలితో పోతుందా, ఇవన్నీ క్రియలోనే ఉంటాయి. "దులపండి" అని చీటీ మీద రాసి ఉంటే లోకంలో ఏ మెకానిక్కూ డిస్క్ జోలికి వెళ్ళడు. ఇన్ని మాటలు పెట్టుకుని మనం అన్నిటికీ "క్లీన్ చెయ్" అంటాం. ఆ మాట అనడానికే నోరు సుళువుగా తిరుగుతోంది, నాక్కూడా.

ఇంకోటి ఇవాళే తట్టింది. ఆ క్రియలన్నీ మనకి తిట్టడానికి కూడా పనికొస్తాయి. దులిపేశాడు, కడిగేశాడు, ఉతికి ఆరేశాడు, తోమేశాడు, చెరిగేసింది, తూర్పారబట్టారు, ఏకిపారేశారు. ఒక్కోటీ ఒక్కో రకం తిట్టు కూడాను. దులిపితే పై పైన పోయినట్టు, ఉతికితే ఒళ్ళంతా హూనమైనట్టు, తూర్పారబడితే నలుగురి ముందూ గాలికి ఎగరేసినట్టు. అంటే తిట్టించుకున్నవాడు శుభ్రపడి బయటికొస్తాడనా? మా పాత మేనేజర్ ఆ నమ్మకంతోనే బతికాడు.

మధ్యాహ్నం ఇక లాభం లేదని నేనే విప్పాను. అడుగు పలకకి పది స్క్రూలు, రెండు రబ్బరు కాళ్ళ కింద దాక్కుని ఉన్నాయి. ముందు ఫ్యాన్ చూస్తే అంత ఘోరంగా లేదు, రెక్కల మీద బూడిద రంగు పొర, అంతే. దాన్ని పక్కకి తీశాక కనబడింది అసలుది. ఫ్యాన్ గాలి బయటికి పోయే చోట సన్నటి రాగి రేకులు వరసగా ఉంటాయి, వాటి మూతి దగ్గర దుమ్మూ నూలుపోగులూ వెంట్రుకలూ కలిసి కంబళి ముక్కలా చాప కట్టేశాయి. పట్టకారుతో ఒక కొస పట్టుకుని లాగితే మొత్తం ఒకే ముక్కగా వచ్చింది, వేలెడు పొడుగు, దళసరిగా, తిప్పి చూస్తే రేకుల గీతలు దాని మీద అచ్చు పడి ఉన్నాయి. గాలి ఎటు పోతుంది పాపం? అది పోలేకే ఫ్యాన్ గింజుకుంది, ప్రాసెసర్ కాలకుండా తనే వేగం తగ్గించుకుంది, అదే నాకు స్లోగా కనిపించింది. విండోస్ తప్పు ఇందులో రవ్వంత లేదు.

తర్వాత మెత్తని కుంచెతో రెక్కలు దులిపాను (ఊదేటప్పుడు ఫ్యాన్ గిర్రున తిరగకుండా పుల్ల అడ్డం పెట్టాలి), రేకుల మధ్య గాలి కొట్టాను, ప్రాసెసర్ చిప్ మీద వేడి లాగడానికి పూసిన పేస్టు ఎండిపోతే దాన్ని స్పిరిట్ గుడ్డతో తుడిచాను, పోనిచోట గీకాను, కొత్త పేస్టు రాశాను. అమ్మాయి అడిగితే మాత్రం "క్లీన్ చేశా" అనే చెప్పాను.

ఆ చిప్‌లు తయారయ్యే గదిని కూడా క్లీన్‌రూమ్ అనే అంటారు. అక్కడ క్లీన్‌కి లెక్క ఉంది. ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ లెక్కలో ఐదో తరగతి గదిలో ఒక ఘనపు మీటరు గాలిలో అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకు మించిన రేణువులు 3,520 దాటకూడదు. నా చిప్ అలాంటి చోట పుట్టి వచ్చి నా టేబుల్ మీద కంబళి కప్పుకుంది.

సాయంత్రం పాత బ్యాకప్ హార్డ్ డిస్క్ వెతికి తగిలించాను. నాలుగు నెలల కిందటిది. ఆ తర్వాత నెల నెలా తీద్దామనుకున్నది శుభ్రంగా మర్చిపోయాను. ఈ మాట మనసులో అనుకుంటూనే ఆగిపోయాను, ఎందుకంటే ఇంగ్లీషువాళ్ళూ సరిగ్గా ఇలాగే అంటారు, క్లీన్ ఫర్గాట్ అని. మర్చిపోవడంలో శుభ్రత ఏమిటో, రెండు భాషలకీ ఒకే ఊహ ఎలా వచ్చిందో. మనం శుభ్రంగా మోసపోతాం, శుభ్రంగా తిని పడుకుంటాం, శుభ్రంగా చదువుకోక ఎందుకొచ్చిన గొడవరా అంటాం, ఒక్కదాంట్లోనూ మురికి ప్రసక్తి లేదు.

కాపీ అవుతుంటే చేసే పని లేక నిఘంటువులు తిరగేశాను. సంస్కృతంలో శుభ్రం అంటే ముందు మెరిసేది, తెల్లనిది, చంద్రుడికి శుభ్రాంశుడని పేరుంది. ఇంగ్లీషు క్లీన్ పూర్వీకుల్లోనూ ఆ మెరుపు అర్థమే కనబడుతుంది. జర్మన్‌లో చిన్నది అని చెప్పే క్లైన్ దీనికి తోబుట్టువట. అటు వెళ్ళింది మెరిసేది, నాజూకైనది, సన్ననిది అనుకుంటూ చివరికి చిన్నదైపోయింది, ఇటు వచ్చింది చీపురు పట్టుకుంది.

మిగతా అర్థాలు తీస్తే రాత్రి సరిపోదు. కొన్నిట్లో "ఏదీ తగలకుండా" అన్న భావం ఉంది. క్లీన్ బౌల్డ్ అంటే బంతి బ్యాట్‌కీ ప్యాడ్‌కీ తగలకుండా వికెట్లని కొట్టడం. బరువులెత్తే ఆటలో క్లీన్ అండ్ జెర్క్ ఉంది కదా, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి 130 కిలోలు ఎత్తింది అందులోనే, అక్కడ కడ్డీని మధ్యలో ఒంటికి ఆనించకుండా ఒక్క ఊపులో భుజాల దాకా తేవడానికి క్లీన్ అని పేరు పెట్టారు. డ్రై క్లీనింగ్‌లో బట్టలు పొడిగా ఏమీ ఉండవు, పెర్‌క్లోరోఎథిలీన్ లాంటి ద్రవాల్లో బాగానే మునుగుతాయి, నీళ్ళు తగలవు కాబట్టి అది డ్రై. క్లీన్ బిల్ ఆఫ్ హెల్త్ మొదట మనుషులది కాదు, ఓడలది, బయల్దేరిన రేవులో అంటువ్యాధి లేదని ఇచ్చే కాగితం. మన పేపర్లలో వచ్చే క్లీన్ చిట్ మాత్రం ఇక్కడి సరుకు, ఆ చిట్ మన చిట్టీనే. ఇక లారీలో క్లీనర్ ఉంటాడు, టైరు మారుస్తాడు, వెనక్కి రానీ రానీ అని అరుస్తాడు, డ్రైవర్ కునుకు తీయకుండా కబుర్లు చెబుతాడు, తుడవడం అతని పనుల్లో ఆఖరిది. ఇళ్ళు దోచుకెళ్ళినా క్లీన్ చేసి పోయారనే అంటాం. నా డిస్క్ విషయంలో నాకు బాగా నచ్చిన అర్థం అదే.

మా ఆవిడ ఇందాక వచ్చి, "పోయినవాటిలో నిజంగా కావలసినవి ఏమిటి?" అంది. ఆలోచిస్తే నాలుగు నెలల ఖర్చుల లెక్క, రెండు ఉత్తరాల నకళ్ళు, ఇంకా ఏవో స్క్రీన్‌షాట్లు. లెక్కలు పోయినందుకు ఆవిడ పెద్దగా బాధపడినట్టు లేదు, అందులో ఆవిడకి చూపించని ఒకటి రెండు ఉన్నాయని తెలుసేమో.

ఫ్యాన్ చప్పుడు ఇప్పుడు లేదు, చెయ్యి పెడితే పక్కనుంచి గాలి జోరుగా తగులుతోంది. కాపీ 62 శాతం దగ్గర నత్తలా పాకుతోంది. మూత వేస్తే ఆగిపోతుంది కాబట్టి తెరిచే పెట్టి పడుకుంటున్నాను. తెల్లారేసరికి కాస్త దుమ్ము పడుతుంది, పడనీ.