ప్రత్యర్థి కంపెనీలు ఎక్కడ కలవాలి?

చిప్‌ల తయారీలోనో బ్యాటరీల్లోనో ఒక దేశం ముందుకు రావాలనుకోగానే అందరూ డబ్బు లెక్క అడుగుతారు. ఎన్ని వేల కోట్లు, ఎన్నేళ్లలో అని. అంతకంటే ముందు తేలాల్సింది వేరే ఉంది. బజారులో ఒకరితో ఒకరు పోటీపడే కంపెనీలను ఒకే ల్యాబులో కూర్చోబెట్టి ఏ పని చేయించాలి? దీనికి సరైన జవాబు దొరక్కపోతే ఎంత డబ్బు పోసినా పని సాగదు.

1976లో జపాన్ మొదలుపెట్టిన వీఎల్‌ఎస్‌ఐ (ఒకే చిప్‌లో చాలా ఎక్కువ భాగాలు ఇమిడ్చే పరిజ్ఞానం) పరిశోధన సంఘం దీనికి మంచి జవాబు వెతుక్కుంది. ఫుజిత్సు, హిటాచీ, మిత్సుబిషి ఎలక్ట్రిక్, ఎన్‌ఈసీ, తోషిబా అందులో సభ్యులు. అయిదూ ఒకే రకం సరుకు అమ్మేవే. నాలుగేళ్లలో సుమారు 7,000 కోట్ల యెన్‌లు ఖర్చయితే అందులో ప్రభుత్వ వాటా దాదాపు 40 శాతం. అదీ ఊరికే ఇచ్చింది కాదు, లాభాలొస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉంది. కవాసకిలో పెట్టిన ఉమ్మడి ల్యాబులో వంద మంది దాకా పరిశోధకులు పనిచేశారు. దాని పెత్తనం ఏ కంపెనీ మనిషికీ ఇవ్వకుండా, ప్రభుత్వ ఎలక్ట్రోటెక్నికల్ ల్యాబొరేటరీ నుంచి తారుయి యాసువోను తెచ్చి పెట్టారు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, ఏ ఒక్క కంపెనీ అధికారి ఆ కుర్చీలో కూర్చున్నా మిగతా నలుగురూ తమ మంచి ఇంజనీర్లను పంపేవారు కాదని నా నమ్మకం.

అక్కడ అమ్ముడుపోయే మెమరీ చిప్‌ను డిజైన్ చేయలేదు. ఆ పని ఎవరి ల్యాబులో వాళ్లు చేసుకున్నారు, నిధుల్లో ఎక్కువ భాగం కూడా అక్కడికే వెళ్లింది. ఉమ్మడిగా చేసింది అందరికీ సమానంగా తలనొప్పి పెట్టే పనులు: సన్నటి గీతలు గీసే యంత్రాలు, సిలికాన్ స్ఫటికం, పరీక్షించే పద్ధతులు. ఉదాహరణకు వేఫర్, అంటే చిప్‌లు తయారుచేసే పల్చటి సిలికాన్ పళ్లెం, వంగిపోవడం తీసుకోండి. దాదాపు 1,000 డిగ్రీల కొలిమిలోంచి వేఫర్ బయటికి వస్తున్నప్పుడు అంచు ముందు చల్లబడుతుంది, నడిమి భాగం వేడిగానే ఉంటుంది. ఆ తేడాకు స్ఫటికంలో ఒత్తిడి పుట్టి, పరమాణువుల వరసలు జారి, పళ్లెం కొద్దిగా వంకర తిరుగుతుంది. ఆ వంకర ఉన్న చోట గీతలు గీసే యంత్రంలోని కటకం ఫోకస్ తప్పుతుంది, గీత చెదురుతుంది, ఆ చిప్ పనికిరాదు. ఈ సమస్యకు పరిష్కారం దొరికితే అయిదు కంపెనీలూ బాగుపడతాయి, ఏ ఒక్కరి వ్యాపార రహస్యమూ బయటపడదు. ఉమ్మడి పనిని ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి కొలత నాకు కనిపించలేదు. యంత్రాల పనిలో నికాన్, కెనాన్‌లను కూడా కలుపుకోవడం వల్ల, సంఘం గడువు ముగిశాక కూడా ఆ నేర్పు దేశంలోనే నిలిచింది.

అమెరికా అదే పాఠాన్ని కాస్త దెబ్బ తిని నేర్చుకుంది. 1987లో 14 కంపెనీలు సెమాటెక్ పేరుతో ఒక్కటయ్యాయి. ప్రత్యర్థులు కలిసి పరిశోధిస్తే గుత్తాధిపత్య నిరోధక చట్టాల కింద పెద్ద నష్టపరిహారాలు పడతాయన్న భయాన్ని 1984లో తెచ్చిన చట్టం అప్పటికే తగ్గించింది. కేంద్ర ప్రభుత్వం ఏటా 10 కోట్ల డాలర్లు ఇచ్చింది, సభ్యులు అంతే మొత్తం వేసుకున్నారు. రుసుము చిప్ అమ్మకాల్లో 1 శాతం. ఎంత చిన్న కంపెనీ అయినా 10 లక్షల డాలర్లు కట్టాలి, ఎంత పెద్దదైనా 1.5 కోట్లు దాటక్కర్లేదు. మొదట తయారీ పద్ధతులనే కలిసి రూపొందించాలనుకున్నారు. కానీ ఫ్యాక్టరీలో ఏ దశలో ఎంత ఉష్ణోగ్రత, ఏ వాయువు ఎంతసేపు అన్నది కంపెనీకి ప్రాణం. ఎవరి గుట్టు వాళ్లు దాచుకోవడంతో ఆ పని ముందుకు కదల్లేదు. అప్పుడు దారి మార్చి, యంత్రాలు తయారుచేసి తమకు అమ్మేవాళ్లతో పనిచేయడం మొదలుపెట్టారు.

ఇక్కడ బాగా పనికొచ్చింది కొలతల్లో ఒప్పందం. అంతకుముందు యంత్రం ఎంతసేపు నడిచిందన్న లెక్క ఒక్కో ఫ్యాక్టరీలో ఒక్కోలా ఉండేది. ఒకరు సర్వీసింగ్ సమయాన్ని ఆగిన సమయంగా లెక్కిస్తే, మరొకరు లెక్కించరు. ఆపరేటర్ లేక ఖాళీగా ఉన్న గంటను ఎవరి ఖాతాలో వేయాలో తేలదు. అందరూ ఒకే నిర్వచనాలు వాడితే తప్ప యంత్రం చేసినవాడికి ఏది బాగుచేయాలో తెలియదు. కాబట్టి కొత్తగా ఇలాంటి కార్యక్రమం తలపెట్టేవాళ్లు మొదటి ఏడాదిలోనే మూడు అంకెల మీద సంతకాలు తీసుకోవాలి: రెండు మరమ్మతుల మధ్య నడిచే సగటు గంటలు, గంటకు పూర్తయ్యే వేఫర్లు, యంత్రం జీవితకాలంలో ఒక్కో మంచి వేఫర్‌కు పడే మొత్తం ఖర్చు. ఆ తర్వాత యంత్రాన్ని సభ్యుడి ఫ్యాక్టరీలోనే, మామూలు షిఫ్టు సిబ్బందితో వారాల తరబడి నడిపి చూడాలి. తయారీదారు ఇంజనీరు పక్కన నిలబడి నడిపిస్తే ఏ యంత్రమైనా బాగానే నడుస్తుంది.

అన్నీ సరిగా ఉన్నా చివర్లో కొనేవాడు లేకపోతే కష్టమంతా వృథా. వేఫర్ మీద గీతలు ముద్రించే స్టెప్పర్ యంత్రాలు చేసే జీసీఏ అనే కంపెనీని నిలబెట్టడానికి సెమాటెక్ గట్టిగానే సాయం చేసింది, యంత్రం మెరుగుపడింది కూడా. కానీ అప్పటికే సభ్యుల ఫ్యాక్టరీలు వేరే తయారీదారుల యంత్రాలకు అలవాటుపడ్డాయి. మారాలంటే పద్ధతులన్నీ మళ్లీ సరిచూసుకోవాలి, అందుకు నెలలు పడుతుంది. చాలినన్ని ఆర్డర్లు రాక 1993లో జీసీఏ మూతపడింది. అభివృద్ధి ఒప్పందంతో పాటే, ఫలానా అంకెలు అందుకుంటే ఫలానా సంఖ్యలో కొంటామన్న కాగితం కూడా ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

పేటెంట్ల విషయంలో బెల్జియంలోని ఐమెక్ అనే చిప్ పరిశోధన సంస్థ పద్ధతి నాకు నచ్చుతుంది. 1984 నుంచి నడుస్తున్న ఈ సంస్థలో ఫలితాలను మూడు రకాలుగా విడదీస్తారు. కంపెనీ మనుషులూ సంస్థ మనుషులూ కలిసి కనిపెట్టింది ఇద్దరి సొంతం. సంస్థ ఒంటరిగా కనిపెట్టింది సంస్థదే, కంపెనీకి వాడుకునే లైసెన్సు దక్కుతుంది. ఒక కంపెనీ తన ఉత్పత్తి కోసం విడిగా చేయించుకున్నది దానికే పరిమితం. పని మొదలయ్యాక ఈ విభజన గురించి మాట్లాడబోతే అప్పటికే ఏదో ఒకటి కనిపెట్టినవాడు ఒప్పుకోడు. సంతకాల రోజునే తేల్చాలి. ఎవరు ఏ పాత పేటెంట్లతో వస్తున్నారో జాబితా కూడా ఆ రోజే జతచేయాలి.

ఇక మనుషులు. నివేదికలు పంపితే విజ్ఞానం చేరదు. డెప్యుటేషన్ మీద వచ్చిన ఇంజనీరు రెండు, మూడేళ్లు పనిచేసి, తిరిగి వెళ్లి తన ఫ్యాక్టరీలో చేసి చూపిస్తేనే చేరుతుంది. కంపెనీలు తమకు అక్కర్లేనివాళ్లను ఇక్కడికి తోసేయడం చాలా మామూలుగా జరిగే తప్పు. పేర్లను ఉమ్మడి ల్యాబు డైరెక్టరే ఎంచుకునే హక్కు, తిరిగి వెళ్లేటప్పుడు పదోన్నతికి అడ్డు రాని సర్వీసు లెక్క, రెండూ ఉంటే ఇది చాలావరకు తగ్గుతుంది.

మనుషులతో పాటు పనినే కదిలించిన ఉదాహరణ తైవాన్. 1973లో పెట్టిన ఇట్రీ అనే పరిశోధన సంస్థ 1976లో అమెరికా కంపెనీ ఆర్‌సీఏ నుంచి 7 మైక్రాన్ల (చిప్‌లో గీతల సన్నదనానికి కొలత) పరిజ్ఞానం కొని, ఇంజనీర్లను అమెరికాకు శిక్షణకు పంపింది. అది అప్పటికే కొత్త పరిజ్ఞానం కాదు. అయినా కొలిమి దగ్గర నిలబడి నేర్చుకోవడానికి సరిపోయింది. ఆ బృందాల్లోంచే 1980లో యూఎంసీ, 1987లో టీఎస్‌ఎంసీ అనే చిప్ కంపెనీలు విడివడ్డాయి. మనుషులు వాటితో పాటు వెళ్లారు, టీఎస్‌ఎంసీకి ప్లాంటు కూడా దక్కింది. పరిశోధన సంస్థ తన మంచి బృందాన్ని వదులుకోవడానికి ఒప్పుకుంది, ఇది చాలా చోట్ల జరగని పని.

జపాన్‌లోనే 1982లో మొదలైన అయిదో తరం కంప్యూటర్ల కార్యక్రమం మాత్రం మార్కెట్లో నిలవలేదు. అక్కడ లక్ష్యం తర్కభాషలతో (తర్క నియమాల రూపంలో ప్రోగ్రాములు రాసే భాషలతో) నడిచే ప్రత్యేక యంత్రం, అంటే దాదాపు ఒక ఉత్పత్తి. పదేళ్లు పనిచేసేలోగా మామూలు ప్రాసెసర్లు వేగంలో దాన్ని దాటిపోయాయి. అందుకే నిధులను ఒకేసారి కాకుండా రెండేళ్ల విడతలుగా ఇవ్వాలి. ప్రతి విడతకూ ముందు, బయట బజారులో దొరికే మామూలు సరుకుతో ల్యాబు ఫలితాన్ని పక్కపక్కన పెట్టి పరీక్షించాలి. అందులో వెనకబడితే, ఆ పనిని ఆపి డబ్బును తర్వాతి ఉమ్మడి సమస్యకు మళ్లించే అధికారం ఎవరి చేతిలో ఉంటుందో మొదటి ఒప్పందంలోనే రాసుకోవాలి.