తోటలో చెక్కపని షెడ్డు: కరెంటు లైనా, సోలారా?

జనవరి

కదిరి దాటి తలుపుల వైపు పోతే మా చిన్నాయన చీనీ తోట. దాని మూలన జింకు రేకుల షెడ్డు వేసుకుని శని, ఆదివారాలు లేతు (చెక్కను గిరగిరా తిప్పే మిషన్) మీద వేప, చింత, తుమ్మ చెక్కలతో గిన్నెలు, చపాతీ కర్రలు, బొంగరాలు తీస్తుంటాను. ఇది సంపాదన కాదు, సరదా. ఇంతకాలం పెట్రోలు జనరేటర్‌తో నెట్టుకొచ్చాను. లీటరుకు రెండు యూనిట్లు వస్తే అదే ఎక్కువ, పైగా ఆ మోతకు చెక్క మీద ఉలి పలికే తీరే వినపడదు. లేతు పనిలో సగం చెవితోనే చేస్తాం. అందుకే ఈ ఏడాది షెడ్డుకు పక్కా కరెంటు తేవాలని కూర్చున్నాను.

అందరూ మొదట అడిగేది, "తోటలో బోరుకు కరెంటు ఉంది కదా, దాన్నించే ఒక వైరు లాక్కో" అని. లాక్కోకూడదు. ఆ ఉచిత కరెంటు పంపుసెట్టుకే. వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో లెక్కగట్టి వసూలు చేస్తారు. దొంగతనం కింద 135 పెట్టారంటే ఆ బాధ వేరు. మీటరు, పాసు పుస్తకం అన్నీ చిన్నాయన పేరు మీద ఉన్నాయి. నా బొంగరాల కోసం ఆయన ఆఫీసుల చుట్టూ తిరగాలా?

కొత్త సర్వీసుకు అప్లై చేయడమే దారి. తోట గట్టు మీదే స్తంభాలున్నాయి, షెడ్డుకు పట్టుమని రెండొందల మీటర్లు కూడా లేదు. ఖర్చు తక్కువే అవుతుందనిపిస్తుంది. కానీ అది వ్యవసాయ ఫీడరు, అంటే పొలాల బోర్ల కోసం వేరుగా వేసిన లైను. మన దగ్గర దానికి పగటిపూట 9 గంటలే త్రీ ఫేజ్. మనం కమర్షియల్ రేటు కట్టినా ఆ తీగలో లేని కరెంటు మన మీటరుకు రాదు. లైన్‌మన్ వచ్చి చూసి చెప్పిన మాట ఇదీ: "సార్, మీకు ఇరవై నాలుగ్గంటలు కావాలంటే ఊరి ఫీడరు నుంచి లాగాల్సిందే. ఈ స్తంభాలు చూసి మోసపోవద్దండి."

ఊరి లైను షెడ్డుకు దాదాపు 1.4 కిలోమీటర్లు. అంత దూరం ఎల్‌టీ (ఇళ్ళకు వచ్చే తక్కువ వోల్టేజీ లైను) లాగితే చివర్లో వోల్టేజీ నిలవదు, కాబట్టి 11 కేవీ (11 వేల వోల్టుల) లైను తెచ్చి షెడ్డు దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. అంచనా ఐదు లక్షలు దాటింది. ఆ డబ్బు మనం కట్టినా లైను డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఆస్తే అవుతుంది, రేపు దారిలో ఎవరికైనా అందులోంచి కనెక్షన్ ఇచ్చుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు, పల్లెల్లో లైన్లు అలాగే పెరిగాయి. కాకపోతే ఆ పెరుగుదల నా జేబులోంచి జరగాలా అన్నదే ప్రశ్న. పొలాల్లోని ట్రాన్స్‌ఫార్మర్లను పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోయే దొంగలు మా వైపు కొత్త కాదు, అదొక టెన్షన్.

మీరు కూడా ఇదే లెక్కలో ఉంటే, కొలవాల్సిన దూరం దగ్గరి స్తంభానికి కాదు, రోజంతా కరెంటుండే స్తంభానికి. తెలంగాణలో ఈ లెక్క మారుతుంది. అక్కడ 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికీ 24 గంటలు ఇస్తున్నారు, కాబట్టి గట్టు మీది లైను పనికిరావచ్చు. సర్వీసు మాత్రం అక్కడైనా వేరేగా తీసుకోవాల్సిందే.

ఫిబ్రవరి

సోలార్ అనగానే దుకాణంలో అడిగే మొదటి మాట "నెలకు ఎన్ని యూనిట్లు సార్?" అని. షెడ్డుకు ఆ ప్రశ్నతో పని జరగదు. నా వాడకం చూడండి. లేతు ఒక హెచ్‌పీ, చెక్క తీస్తున్నప్పుడు సగటున 400 వాట్లు, మూడు గంటలకు 1.2 యూనిట్లు. పొట్టు లాగే వాక్యూమ్ 1200 వాట్లు, గంటసేపు. బ్యాండ్ సా (పట్టీ రంపం) అరగంట, ఉలులు సానబట్టే గ్రైండరు కాసేపు, లైట్లు, తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ ఫ్యాను. అన్నీ కలిపినా రోజుకు మూడున్నర యూనిట్లు. రెండు బెడ్‌రూముల ఇల్లు దీనికన్నా ఎక్కువ తాగుతుంది.

కష్టం యూనిట్లలో లేదు, మోటారు లేచే ఆ క్షణంలో ఉంది. క్లాంప్ మీటరు (తీగలో ఎంత కరెంటు పోతోందో చూపేది) తగిలించి చూస్తే, తిరిగేటప్పుడు 5 ఆంపియర్లు లాగే లేతు మోటారు స్టార్టింగ్‌లో 28 దాకా పోయింది. రెండు హెచ్‌పీ టేబుల్ సా (బల్ల రంపం) దాదాపు 60. అంటే 230 వోల్టులతో గుణిస్తే 13 కేవీఏ (13 వేల వోల్ట్-ఆంపియర్లు) పైమాట, అదీ కన్నుమూసి తెరిచేలోపు. ఈ ఒక్క దెబ్బ కోసం ఇన్వర్టరూ బ్యాటరీ రెండింతలు కొనాలి, లేదంటే మోటార్లనే దారికి తేవాలి. నేను రెండోదే ఎంచుకున్నాను. అందరూ ప్యానెళ్ళ దగ్గర మొదలుపెడతారు, నాకైతే మోటార్ల దగ్గర మొదలుపెట్టడమే న్యాయం అనిపించింది.

లేతుకున్న సింగిల్ ఫేజ్ కెపాసిటర్ మోటారు తీసేసి, సెకండ్ హ్యాండ్‌లో ఒక హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు, కొత్త వీఎఫ్‌డీ (మోటారు స్పీడును అదుపు చేసే ఎలక్ట్రానిక్ డబ్బా) ఒకటి తెచ్చాను. వీఎఫ్‌డీకి లోపలికి 230 వోల్టుల సింగిల్ ఫేజ్ వెళ్తుంది, బయటికి 230 వోల్టుల త్రీ ఫేజ్ వస్తుంది. కాబట్టి మోటారును డెల్టాలో, అంటే లోపలి మూడు తీగచుట్లను త్రికోణంలా కలపాలి. మోటారు నేమ్‌ప్లేటు మీద 230/400 అని ఉంటేనే ఇది కుదురుతుంది. 400/690 అని ఉంటే దాని జోలికి పోవద్దు, బలం రాదు.

పని చిన్నదే. మోటారు పక్కనున్న టెర్మినల్ డబ్బా మూత తీస్తే రెండు వరసల్లో ఆరు బోల్టులు కనిపిస్తాయి. స్టార్‌లో (మూడు తీగచుట్ల ఒక్కో కొస ఒకేచోట కలిసి) ఉన్నప్పుడు ఒక వరసలోని మూడు బోల్టులనూ రాగి పట్టీలు అడ్డంగా కలుపుతాయి. వాటిని ఊడదీసి ఒక్కో పట్టీని పై బోల్టు నుంచి కింది బోల్టుకు నిలువుగా బిగిస్తే డెల్టా. నా మోటారులో పట్టీలు పచ్చగా కిలుం పట్టి ఉన్నాయి, ఎమెరీ కాగితంతో ఎర్రబడేదాకా రుద్దాను. అక్కడ కాంటాక్టు లూజుగా ఉంటే డబ్బా లోపలే మాడుతుంది. వాషర్లు కూడా మార్చేయండి.

వీఎఫ్‌డీలో ర్యాంప్ టైమ్ (మోటారు పూర్తి స్పీడు అందుకునే సమయం) 6 సెకన్లు పెట్టాను. ఇప్పుడు లేతు నెమ్మదిగా ఊపందుకుంటుంది, మీటరు 6 ఆంపియర్లు దాటదు. బెల్టు మార్చకుండా నాబ్ తిప్పితే స్పీడు మారడం అదనపు లాభం. 20 హెర్ట్జ్ కన్నా కిందకి ఎక్కువసేపు నడపొద్దు. మోటారు ఫ్యాను కూడా అంతే మెల్లగా తిరుగుతుంది కాబట్టి ఒళ్ళు కాలిపోతుంది.

బ్యాండ్ సాకూ ఇదే వైద్యం. టేబుల్ సా మాత్రం ఇప్పటికైతే తోటకు రాదు. పెద్ద దిమ్మెలు కదిరి టింబర్ డిపోలో కోయించుకొచ్చుకుంటాను.

మార్చి

సబ్సిడీ సంగతి కూడా చూశాను. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్య ఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు ఇస్తారు, కానీ అది ఇంటి సర్వీసుకు కలిపిన రూఫ్‌టాప్‌కే. లైనే లేని షెడ్డుకు పైసా రాదు. పీఎం కుసుమ్ కింద లైను లేని పొలానికి సోలార్ పంపు వస్తుంది. దానికి యూనివర్సల్ కంట్రోలర్ పెట్టించుకుంటే పంపు ఆగినప్పుడు పిండిమిల్లు, చాఫ్ కట్టర్ లాంటివి నడుపుకోవచ్చు. మాకు బోరు కనెక్షన్ ఉంది కాబట్టి ఆ ఆశ పెట్టుకోలేదు. కలిసొచ్చింది ఒక్కటే, 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ ప్యానెళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది.

చివరికి తీసుకున్నవి 540 వాట్ల ప్యానెళ్ళు నాలుగు, 5 కిలోవాట్ల 48 వోల్టుల ఆఫ్‌గ్రిడ్ (లైను లేకుండానే నడిచే) ఇన్వర్టరు, 51.2 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్-గంటల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి. స్టాండు, వైర్లు, ఎర్తింగ్ కలిపి రెండు లక్షల నలభై వేల దాకా అయింది. ట్యూబ్యులర్ (సీసం, యాసిడ్) బ్యాటరీలు మొదట చవకే. కానీ వాటిని సగానికన్నా ఎక్కువ ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది, డిస్టిల్డ్ వాటర్ పోయాలి. వారంలో ఐదు రోజులు మనిషే ఉండని చోట అది నడవదు.

నాకు కావాల్సిన యూనిట్లకు మూడు ప్యానెళ్ళు చాలు. నాలుగెందుకంటే వోల్టేజీ కోసం. నా ఇన్వర్టరులో ప్యానెళ్ళ కరెంటును అందుకునే భాగానికి, అంటే ఎంపీపీటీకి, కనీసం 120 వోల్టులు అందాలి. ఒక్కో ప్యానెల్ లేబుల్ మీద పని చేసే వోల్టేజీ 41 పైచిలుకు, మూడు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) వేస్తే 124. లెక్కలో సరిపోయింది. కానీ లేబుల్ మీది అంకె 25 డిగ్రీలకు. మా ఊరి మే నెల మధ్యాహ్నం ప్యానెల్ వీపు 65 డిగ్రీలు దాటుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున పడిపోతే ఒక్కోటి 35 దగ్గరికి వచ్చేస్తుంది, మూడు కలిపినా 107. ఎండ మండిపోతుండగా సోలార్ పని చేయదన్నమాట! నాలుగైతే అదే వేడిలో 142 వస్తుంది. మీ ఇన్వర్టరు పుస్తకంలో ఈ కనీస వోల్టేజీ అంకె వెతికి, వేడి తగ్గింపు తీసేసి చూసుకున్నాకే ప్యానెళ్ళ సంఖ్య తేల్చుకోండి.

ఏప్రిల్

బిగింపు. దక్షిణం వైపు, 14 డిగ్రీల వాలు, మన అక్షాంశం ఎంతో దాదాపు అంతే. మాకు వానకన్నా గాలి భయం ఎక్కువ. జూన్ వచ్చిందంటే రేకులు లేచిపోయే గాలి, నాలుగు ప్యానెళ్ళు కలిపి పది చదరపు మీటర్ల తెరచాప. అందుకే షెడ్డు రేకుల మీద వేయకుండా నేల మీదే జీఐ కాళ్ళు రెండున్నర అడుగుల కాంక్రీటులో పాతాను. కోతులు ఎక్కి గెంతుతాయేమో అనుకున్నాను. ఎక్కాయి కూడా, ఎండకు కాళ్ళు కాలి దిగిపోయాయి.

ప్యానెళ్ళు, బ్యాటరీ ఉండే డీసీ వైపు డీసీ ఎంసీబీలే (కరెంటు మితిమీరితే దానంతటది పడిపోయే స్విచ్‌లు) పెట్టాలి. ఏసీ ఎంసీబీ సగం ధరకే దొరుకుతుంది కానీ డీసీలో లేచిన నిప్పు దానంతటది ఆరదు, బ్రేకరే అంటుకుంటుంది. పిడుగులకు డీసీ, ఏసీ రెండు వైపులా ఎస్‌పీడీ (పిడుగు దెబ్బను ఎర్త్‌లోకి మళ్ళించేది). ఎర్త్ గుంటలో ఉప్పు, బొగ్గు వేసి పైన కుండ బోర్లించాను. మా ఎర్ర నేలకు తడే ఆధారం, వచ్చినప్పుడల్లా రెండు బిందెలు నీళ్ళు పోస్తేనే రీడింగ్ నిలుస్తుంది.

బ్యాటరీని రేకుల కింద పెట్టలేదు. ఉత్తరం వైపు ఇటుక గోడలు, పైన కడప బండలు పరిచిన చిన్న గది కట్టించి అందులో పెట్టాను. బయట 42 ఉన్న రోజు ఆ గదిలో 35. లిథియానికి మంచు దేశాల వాళ్ళు గది వెచ్చగా ఉంచడానికి తంటాలు పడతారట, మనకా బాధ లేదు.

జూన్

నడుస్తోంది. మబ్బు లేని రోజు 9 యూనిట్ల దాకా వస్తున్నాయి, నేను వాడేది అందులో సగం కూడా కాదు. ఒక్క సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. ఇన్వర్టరు ఏ పనీ చేయకుండా ఆన్‌లో ఉన్నా 55 వాట్లు తింటుంది. రోజంతా వదిలేస్తే 1.3 యూనిట్లు, నా లేతు వాడకం కన్నా ఎక్కువ. అందుకే ఆదివారం సాయంత్రం అవుట్‌పుట్ ఆపేసి వస్తాను. ప్యానెళ్ళ నుంచి చార్జింగ్ మాత్రం దాని పాటికది నడుస్తుంది.

వారం మధ్యలో వృథా అయ్యే ఎండ చూసి చిన్నాయనకు ప్రాణం ఒప్పలేదు. "ఏమప్పా, అంత ఎండ ఊరికే పోతాంటే ఎట్లా? నా తొట్టికన్నా నీళ్ళు ఎక్కించు." అర హెచ్‌పీ మోనోబ్లాక్ ఒకటి పెట్టించాను. పొద్దున ఇన్వర్టరు అవుట్‌పుట్ స్విచ్ వేసి సంపు నుంచి పై తొట్టి నింపుకుంటున్నాడు, అయిపోయాక ఆపేస్తాడు. "ఆపినావా చిన్నాయనా?" అని ఫోన్ చేస్తే విసుక్కుంటాడు కానీ, ఆపడం మరిచిపోలేదు.

ఇక పరీక్ష అక్టోబరు, నవంబరు నెలల్లో. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మాకు కూడా మూడు నాలుగు రోజులు మబ్బు పట్టేస్తుంది. అప్పుడు రెండు యూనిట్లు వస్తే అదృష్టం. బ్యాటరీలో వాడుకోదగ్గవి నాలుగు. ఒక వారాంతం వాక్యూమ్ మానేసి చేత్తో ఊడ్చుకుంటే గడుస్తుంది, లేదా పాత జనరేటర్‌ను ఇన్వర్టరు ఏసీ ఇన్‌పుట్‌కు తగిలించి గంటన్నర చార్జింగ్ పెట్టాలి. ఆ సాకెట్ అయితే ఇప్పుడే వేసి ఉంచాను. ఎప్పుడైనా ఊరి ఫీడరు ఇటు వస్తే అదే సాకెట్‌కు లైనూ కలుపుకోవచ్చు. రెండో బ్యాటరీ కొనాలా వద్దా అన్నది నవంబరు రీడింగులు చూశాకే, టేబుల్ సా తోటకు వచ్చేదీ లేనిదీ అప్పుడే తేలుతుంది.