నల్లది పడింది, వెనకాలే తెల్లదీ

ఫ్రెండ్‌తో పూల్ టేబుల్ మీద ఎయిట్ బాల్ ఆడుతున్నా. 8 నంబరున్న నల్ల బంతి పాకెట్‌లో పడగానే చెయ్యి పైకెత్తేశాను. గెలిచేశాననే అనుకున్నా.

తీరా చూస్తే తెల్ల బంతి ఇంకా ఆగలేదు. కుషన్‌కి తగిలి, ఏదో పని గుర్తొచ్చినట్టు నెమ్మదిగా దొర్లుకుంటూ వెళ్లి, మూల పాకెట్ అంచున ఒక్క క్షణం ఊగి లోపలికి జారింది. టప్.

1 నుంచి 7 దాకా నా బంతులన్నీ వేసేశాను. వాడి చారల బంతులు ఇంకా 5 టేబుల్ మీదే ఉన్నాయి. అయినా ఓడింది నేనే. ఎయిట్ బాల్‌లో 8తో పాటు తెల్లది కూడా పడితే ఆట పోయినట్టే.

"ఫౌలే కదరా, తెల్ల బంతి తీసుకుని నువ్వు ఆడుకో" అని బతిమాలాను కూడా. నవ్వాడు.

నల్లది పడకుండా తెల్లది ఒక్కటే పడుంటే నిజంగానే ఫౌల్‌తో సరిపోయేది. తెల్ల బంతిని నచ్చిన చోట పెట్టుకుని వాడు ఆడేవాడు, నాకింకా ఛాన్స్ ఉండేది. అంటే గురి తప్పి ఉంటే బతికిపోయేవాణ్ని! ఇదెక్కడి న్యాయమో.

పైగా అదేమన్నా కష్టమైన షాటా? జానెడు దూరం. మెల్లగా తాకిస్తే చాలు. నేనేమో స్టైల్‌గా బలంగా కొట్టాను.

చెయ్యి పైకెత్తిన ఫోటో వాడి ఫోన్‌లో ఉంది. డిలీట్ చెయ్యనంటున్నాడు.